వేదిక మీద శిక్ష, కోర్టులో వసూలు



ఈ స్మారక నిధి ఎవరి పేరున ఏర్పడిందో ఆ వకీలుగారు క్రిమినల్ కోర్టుల వైపు పెద్దగా వెళ్లలేదు. ఈ బార్‌లో పాతవాళ్లను అడిగితే ఆయన గురించి మొదట చెప్పేది ఇ.పి.ల, అంటే డిక్రీ అమలు పిటిషన్ల సంగతే. డిక్రీ తెచ్చుకున్నవాడి పని సగమే అయిందని, మిగతా సగం అమీను వెంట తిరగడంలో ఉందని ఆయన నమ్మకం. జప్తు ఉత్తర్వు తీయించాలి, ఊళ్లో టముకు వేయించాలి, వేలానికి పాటగాళ్లు వచ్చేలా చూడాలి, పాట ఖాయమయ్యాక డబ్బు కోర్టులో జమ అయ్యేదాకా వదలకూడదు. ఆ ఓపిక అవినీతి కేసుల్లో మన ప్రభుత్వాలకు ఉందా అన్నదే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్న విషయం.

ఏసీబీ దాడి జరిగిన మర్నాడు పత్రికల్లో ఒక ఫొటో వస్తుంది. బల్ల మీద నోట్ల కట్టలు, వెల్వెట్ పెట్టెల్లో నగలు, పక్కన రిజిస్ట్రేషన్ దస్తావేజులు. కింద వార్తలో దస్తావేజు విలువ ఇంత, మార్కెట్ విలువ దానికి ఎన్నో రెట్లు అని ఉంటుంది. 'ఆస్తుల జప్తు' అని శీర్షిక. చదివినవాళ్లు అవన్నీ సర్కారు పరమైపోయాయనుకుంటారు. నిజానికి అప్పటికి జరిగింది సోదా మాత్రమే. పంచనామా రాసి, మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టించి, కొన్ని వస్తువులు తీసుకెళ్లారు. రెండో దశ అటాచ్‌మెంట్. అంటే అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఆ ఇంట్లో ఆ అధికారే ఉంటాడు, పై అంతస్తు అద్దె కూడా చాలాసార్లు ఆయనే వసూలు చేసుకుంటాడు. ఆస్తి ప్రభుత్వానికి పూర్తిగా దఖలు పడేది మూడో దశలో. మన వార్తల్లో తొంభై పాళ్లు మొదటి రెండు దశలవే. మూడోది వచ్చేసరికి అధికారి రిటైరై ఉంటాడు, దాడి వార్త రాసిన విలేకరి ఇంకో పత్రికకు మారిపోయి ఉంటాడు.

ఈ రెండో దశకు మనం వాడుతున్న చట్టం వయసెంతో తెలిస్తే మీలో కొందరికి నవ్వొస్తుంది. అది 1944 నాటి క్రిమినల్ లా సవరణ ఆర్డినెన్సు. ఆర్డినెన్సంటే ఆరు నెలల్లో ఆరిపోయే దీపం అని మనకు లెక్క. ఇది ఎనభై ఏళ్లుగా వెలుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యానికి సరఫరాల పేరుతో కోట్లు చేతులు మారాయి. లంచాల మీద కన్నేసి ఉంచడానికి 1941లో స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంటు పెట్టారు, తర్వాత సీబీఐ అయింది అదే. దొంగ దొరికేలోపు సొమ్ము చేతులు మారిపోతోందని ఈ ఆర్డినెన్సు తెచ్చారు. 1940లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఒక అత్యవసర చట్టం ఆ కాలంలో వచ్చిన ఆర్డినెన్సులకు ఆరు నెలల గడువు ఎత్తేసింది. అలా ఇది ఇంకా బతికే ఉంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు కూడా దీన్ని పక్కన పెట్టలేదు సరికదా, 18ఎ సెక్షన్ పెట్టి మరీ దీనికే దారి చూపించారు.

తొందరలో పుట్టినా దీన్ని రాసినవాడు పనిమంతుడు. పన్నెండో సెక్షన్ చూడండి. ప్రాసిక్యూషన్ కోరితే, నేరం ద్వారా ముద్దాయి ఎంత సంపాదించాడో ఆ మొత్తాన్ని క్రిమినల్ కోర్టు తేల్చి రాయాలి. శిక్ష ఖాయమయ్యాక అటాచ్ అయిన ఆస్తిలోంచి ఆ మేరకే ప్రభుత్వం తీసుకోవాలి, అటాచ్‌మెంటు ఖర్చులు అదనం. అంటే ఈ చట్టం మనిషి మీద కోపంతో రాసింది కాదు, అంకె మీద రాసింది. ఆ అంకె అడగడమే మరిచిపోయే ప్రాసిక్యూటర్లుంటే మాత్రం మిగతా సెక్షన్లన్నీ దండగ.

ఆ అంకె ఎలా పుడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో ఒక చెక్ పీరియడ్ తీసుకుంటారు. నాలుగు పట్టికలు తయారవుతాయి. ఏ అంటే ఆ కాలం మొదట్లో ఉన్న ఆస్తి, బీ అంటే చివర ఉన్నది, సీ ఆదాయం, డీ ఖర్చు. ఒక ఇంజినీరుగారిని ఊహించుకోండి. మొదట్లో ఆస్తి 15 లక్షలు, చివరకు కోటీ 75 లక్షలు. పెరిగింది కోటీ 60 లక్షలు. ఆ కాలంలో జీతం, అద్దెలు కలిపి 80 లక్షలు వచ్చాయి, ఖర్చు 50 లక్షలు. మిగలగలిగింది 30 లక్షలు. అంటే లెక్క చెప్పలేనిది కోటీ 30 లక్షలు. అయిదో క్లాసు పిల్లవాడు చేసే తీసివేత ఇది. కానీ ఒక్కొక్క గడి నింపడానికి దర్యాప్తు అధికారికి ఏళ్లు పడతాయి. ఇంటి ఖర్చుకు రుజువులుండవు కాబట్టి ఆదాయంలో మూడో వంతు అనుకోవడం వాడుక. ఇక సీ పట్టిక దగ్గర మొదలవుతుంది అసలు సంసారం. మామగారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం, అమ్మాయి పెళ్లిలో వచ్చిన చదివింపులు, తోడల్లుడి దగ్గర తీసుకున్న చేబదులు, మెట్ట చేలో పండిన మిరప. రాబడి పన్ను లేదు కాబట్టి వ్యవసాయ ఆదాయం ఎంతైనా చెప్పొచ్చు. కాగితం మీద పండే మిరపకు తెగులు కూడా పట్టదు.

ఇంకో చిక్కు డీ పట్టికకూ సీ పట్టికకూ బయట ఉంది. పట్టికల్లోకెక్కేది దస్తావేజు విలువ. శివారులో ప్లాటును పదికి రాయించి ముప్పైకి కొన్నాడనుకోండి, ఆ ఇరవై నల్లడబ్బని అందరికీ తెలుసు, లెక్కలో మాత్రం పదే ఉంటుంది. అందుకే పత్రికలో చూసిన అంకెకూ ఛార్జిషీటులోని అంకెకూ మధ్య అంత ఎడం. దాన్ని చూసి జనం 'మేనేజ్ చేసేశారు' అంటారు. అన్నిసార్లూ అది నిజం కాదు.

లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉద్యోగిదే అన్నది మనవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. కంచెర్ల గోపన్న తాసీల్దారు. వసూలైన శిస్తు గోల్కొండకు పంపకుండా భద్రాచలంలో గుడికి పెట్టాడు. తానీషా బందిఖానాలో వేయించాడు. భక్తి కథగా మనం ఎన్నిసార్లు విన్నా, ఖజానా లెక్కల వైపు నుంచి ఎప్పుడూ వినలేదు. అక్కడ జైలు వసూలు కోసం. కథ ప్రకారం ఆరు లక్షలూ ముట్టిన వెంటనే విడుదల, చేతికి రసీదు. ఏ నగకు ఎంతైందో కీర్తనలో పద్దు వేసి మరీ చెప్పుకున్నాడాయన. గుడిని తానీషా స్వాధీనం చేసుకున్నట్టు ఏ కథలోనూ లేదు. ఇప్పుడు మన పద్ధతి తలకిందులు. మనిషి కొన్నాళ్లు జైల్లో ఉండొస్తాడు, సొమ్ము అలాగే ఉంటుంది.

జయలలిత కేసు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో తెలుసుకోవాల్సినవన్నీ ఆ ఒక్క కేసులో ఉన్నాయి. చెక్ పీరియడ్ 1991 జూలై 1 నుంచి 1996 ఏప్రిల్ 30 దాకా, ఆమె మొదటిసారి తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలం. నెల జీతం ఒక్క రూపాయే తీసుకున్నారు. ఆరోపణ రూ.66.65 కోట్లు. సుప్రీంకోర్టు 2003లో విచారణను చెన్నై నుంచి బెంగళూరుకు మార్చింది. మనకు దగ్గరి ముక్క ఒకటి ఇందులో ఉంది. హైదరాబాద్ శివార్లలో జీడిమెట్ల వైపు ఆమెకున్న ద్రాక్షతోట ఈ కేసు లెక్కల్లో ఒక పద్దు. ఆ తోట ఏటా ఎంత రాబడి ఇచ్చిందన్న దాని మీద ప్రాసిక్యూషన్ ఒక మాట, ముద్దాయి పక్షం ఇంకో మాట. కింది కోర్టు ఒప్పుకున్నదొకటి, హైకోర్టు ఒప్పుకున్నది మరొకటి. ద్రాక్ష గుత్తుల దిగుబడి మీద ఒక ముఖ్యమంత్రి భవిష్యత్తు ఆధారపడింది. అతిశయోక్తి అనుకోకండి, ఇలాంటి కేసుల్లో పద్దులే సాక్షులు.

2014 సెప్టెంబర్ 27న ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, వంద కోట్ల జరిమానా వేసింది. 2015 మేలో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఆదాయం కన్నా ఆస్తి ఎక్కువున్నది 8.12 శాతమే అంది. పది శాతం లోపైతే వదిలేయొచ్చని కృష్ణానంద్ అగ్నిహోత్రి కేసు తీర్పు నుంచి వాడుకలో ఉంది. చిక్కు ఏమిటంటే, ఆ తీర్పులో అప్పుల పట్టిక కింద వేసిన మొత్తం 24.17 కోట్లు. పట్టికలోని పది పద్దులూ కూడితే వచ్చేది 10.67 కోట్లు. పదమూడున్నర కోట్ల కూడిక తప్పు. ఆ తప్పు దిద్దితే ఎనిమిది శాతం ఎక్కడికో పోతుంది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. అప్పటికి ఆమె లేరు, 2016 డిసెంబర్ 5న పోయారు.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. ఆమె చనిపోవడంతో ఆమె మీది అప్పీలు రద్దయింది. జైలు లేదు. వంద కోట్ల జరిమానా వసూలుకు అవకాశమివ్వమని కర్ణాటక వేసిన రివ్యూను 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. శిక్ష ఖాయం కాకముందే అప్పీలు రద్దవడంతో జరిమానా కూడా పోయింది. కానీ ఆస్తులు పోలేదు. అవి తమకివ్వాలని వారసులు అడిగితే, అప్పీలు రద్దవడమంటే నిర్దోషి అని కాదని 2025 జనవరిలో కర్ణాటక హైకోర్టు చెప్పింది, ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ నెలలోనే సుమారు 27 కిలోల బంగారు, వజ్రాభరణాలు, 1,526 ఎకరాల భూమి పత్రాలు బెంగళూరు కోర్టు నుంచి తమిళనాడు అధికారులకు చేరాయి. ఆమె పోయెస్ గార్డెన్ ఇంట్లో సోదా జరిగింది 1996 డిసెంబర్‌లో. ఇరవై ఎనిమిదేళ్లు! సోదాలో దొరికిన వేల చీరల మాట సరేసరి. పట్టుచీర అన్నేళ్లు మడత విప్పకుండా ఉంటే ఏమవుతుందో ఈ సభలో ఆడవాళ్లను అడిగితే చెబుతారు. ఆ చీరలకు ఇక వేలంపాట పాడేదెవరు?

అంటే స్వాధీనం శిక్ష కాదన్నమాట. శిక్షైతే ఆ జరిమానాతోపాటే ముగిసేది. ఇది బాకీ వసూలు లాంటిది. ప్రజల సొమ్ము ముద్దాయి ఇంట్లో ఉంది, ఇంట్లో ముద్దాయి ఉన్నా లేకపోయినా అది ప్రజలదే. నా మట్టుకు నేను ఈ పక్షమే. కానీ ఈ మాటకు ఒక ప్రమాదం కూడా ఉంది. అది ప్రభుత్వాలు బాగా కనిపెట్టాయి.

2006లో ఒడిశా, 2009లో బిహార్ ప్రత్యేక కోర్టుల చట్టాలు తెచ్చాయి. ముద్దాయి మీద నేరం రుజువయ్యేదాకా ఆగనక్కర్లేదు. కేసు నడుస్తుండగానే, ఆస్తి అక్రమమని ఆథరైజ్డ్ ఆఫీసరు తేలిస్తే అది ప్రభుత్వానిది. 2011లో పట్నాలో సస్పెండైన ఒక ఐఏఎస్ అధికారి మూడంతస్తుల ఇల్లు అలాగే తీసుకుని పేదపిల్లల బడి పెట్టారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆ బడి చూపించి నాయకులు ఊరూరా చెప్పింది 'అవినీతిపరులకు ఇదే శిక్ష' అని. ఆ చట్టాల మీద సవాలు సుప్రీంకోర్టుకు వచ్చాక ప్రభుత్వ న్యాయవాదుల వాదన వేరు. ఇది శిక్షే కాదు, మధ్యంతర ఏర్పాటు మాత్రమే, కాబట్టి పాత సంపాదనకూ వర్తిస్తుంది, రాజ్యాంగం 20వ అధికరణం అడ్డురాదు అన్నారు. 2015 డిసెంబర్ 10న యోగేంద్ర కుమార్ జైస్వాల్ కేసులో కోర్టు దీన్ని ఒప్పుకుంది. వేదిక మీద శిక్ష, కోర్టులో శిక్ష కాదు. ఒకే పనికి రెండు పేర్లు పెట్టుకుని ఎక్కడ ఏది లాభమో అక్కడ అది వాడుకుంటున్నారు.

కోర్టులకు కూడా ఈ విషయంలో ఒకే మాట లేదు. బినామీ చట్టం 2016 సవరణ మీద 2022 ఆగస్టులో గణపతి డీల్‌కామ్ తీర్పు ఇలాంటి స్వాధీనం శిక్షాస్వభావం గలదేనని, వెనకటి లావాదేవీలకు వర్తించదని అంది. 2024 అక్టోబర్‌లో అదే సుప్రీంకోర్టు ఆ తీర్పును రివ్యూలో వెనక్కి తీసుకుంది. మనీ లాండరింగ్ చట్టం సంగతి నేను ఎక్కువగా ఎత్తుకోను. అక్కడ 180 రోజుల తాత్కాలిక అటాచ్‌మెంటు గురించి వింటున్నాం గానీ, ఆఖరి స్వాధీనాల గురించి వినేది తక్కువ. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 107వ సెక్షన్ ప్రకారం ఏ నేరపు రాబడినైనా మామూలు కోర్టే అటాచ్ చేసి, కలెక్టరు ద్వారా 60 రోజుల్లో బాధితులకు పంచే వీలుంది. లంచం కేసులో బాధితుడెవరు? పాసుపుస్తకం కోసం ఇరవై వేలు ఇచ్చిన రైతు చట్టం దృష్టిలో తనూ నేరస్థుడు కాకుండా తప్పించుకోవాలంటే, బలవంతం మీద ఇచ్చానని ఏడు రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పి ఉండాలి. అది 2018 సవరణ పెట్టిన షరతు. ఆ రైతుకు ఈ పంపకంలో వాటా వస్తుందని నేననుకోను.

శిక్షగా ఆస్తి లాక్కోవడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే చైనా చూడాలి. అక్కడి క్రిమినల్ చట్టం 59వ అధికరణం కింద లంచగొండి న్యాయంగా సంపాదించుకున్న ఆస్తిని కూడా, కొంత గానీ మొత్తం గానీ, శిక్షలో భాగంగా తీసుకోవచ్చు. అక్రమార్జన రాబట్టడం దానికి వేరు. అంత కఠినమైన చట్టంలో కూడా ముద్దాయికీ, అతని మీద ఆధారపడ్డవాళ్లకూ బతకడానికి కావలసినంత వదిలిపెట్టాలని, కుటుంబసభ్యుల సొంత ఆస్తి ముట్టకూడదని రాశారు. మన ఐపీసీలో కూడా కొన్ని నేరాలకు సర్వస్వం జప్తు చేసే 61, 62 సెక్షన్లుండేవి. వాటిని 1921లో తెల్లదొరల ప్రభుత్వమే తీసేసింది. బడి గోడ మీద పేరు రాయించుకునే ఉత్సాహంలో మనం వెళ్లకూడని దారి అది.

ఈ విషయంలో మన వకీలుగారి సివిల్ ప్రొసీజర్ కోడే మంచి గురువు. 60వ సెక్షన్ తీయండి. ఎంత పెద్ద బాకీదారుడైనా వంటపాత్రలు, పడక, కట్టుబట్టలు ముట్టుకోకూడదు. వృత్తిపనివాడి పనిముట్లు, రైతు నాగలి జప్తు కావు. మతాచారం ప్రకారం ఆడది ఒంటి మీంచి తీయకూడని నగ, అంటే మన వాడుకలో మంగళసూత్రం, జప్తు కాదు. అప్పు ఎగ్గొట్టినవాడిని కూడా రోడ్డున పడేయకుండా వసూలు చేసే పద్ధతి 1908 నాటికే రాసిపెట్టారు. అవినీతి ఆస్తుల స్వాధీనం వసూలే అయితే, వసూలుకున్న హద్దులన్నీ దానికి ఉండాలి. భార్య పేర ఉన్నదంతా బినామీయే అనుకోకూడదు. ఆవిడ టీచరుగా ముప్పై ఏళ్లు పనిచేసి కొనుక్కున్న ఫ్లాటు ఏ పట్టికలో వేశారన్నది చూడాలి. స్మగ్లర్ల ఆస్తుల చట్టం కింద బంధువుల ఆస్తులు కూడా తీసుకోవచ్చని 1994లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం అమృత్‌లాల్ ప్రజీవన్‌దాస్ కేసులో చెప్పినప్పుడు కూడా, ఆ ఆస్తికీ ఆ నేరస్థుడి సొమ్ముకూ లంకె ఉండాలనే చెప్పింది.

విలువ పెరుగుదల సంగతి కూడా తేల్చుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల భూమి ఎలా పెరిగిందో ఈ సభకు చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ల కింద లంచం డబ్బు పది లక్షలతో కొన్న ఎకరం ఇవాళ కోట్లు. తీర్పులో 'నేరంతో సంపాదించింది పది లక్షలు' అని రాస్తే, ఆ పది లక్షలు కట్టేసి మిగతాది ఉంచుకోవచ్చా? నా ఉద్దేశంలో కుదరదు. మూలధనం ప్రజలదైనప్పుడు దాని మీద పెరిగింది కూడా ప్రజలదే. కేసు ఎంత సాగితే అంత లాభమన్నట్టుంటే ఏ ముద్దాయి వాయిదాలు అడగడు?

అదే సూత్రం ఎదుటి పక్షానికి కూడా వర్తించాలి. బిహార్ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. ఆస్తి స్వాధీనమయ్యాక ముద్దాయి నిర్దోషిగా తేలితే ఆస్తి తిరిగివ్వాలి. ఇవ్వడం కుదరకపోతే దాని ధర, స్వాధీనమైన నాటి నుంచి ఏటా అయిదు శాతం వడ్డీతో కట్టాలి. బడిగా మారిన ఇల్లు ఎలాగూ తిరిగిరాదు. పదేళ్ల తర్వాత నిర్దోషినని తేలినవాడి చేతిలో పాత ధర, దాని మీద అయిదు శాతం పెడతారు. అదే వీధిలో అంతే ఇల్లు కొనుక్కోవాలంటే అందులో సగం గోడలు కూడా రావు. దోషి భూమి మీద పెరుగుదల ఖజానాకు చేరాలని అడిగే నేను, నిర్దోషి ఇంటి మీద పెరుగుదల అతనికే దక్కాలని కూడా అడగాలి. ఆ రోజు మార్కెట్ ధర కట్టాలి, లేదంటే కేసు తేలేదాకా ఇల్లు అమ్మకుండా, రూపు మార్చకుండా అద్దెకిచ్చి ఆ అద్దె కోర్టులో జమ చేయాలి. ఇలాంటి చట్టం ముసాయిదా ఏది మీ చేతికొచ్చినా, శిక్షలెన్నేళ్లని వెతక్కుండా ముందు ఆ వడ్డీ క్లాజు ఉన్న పేజీ తెరవండి.